ఇంజనుకు ఇంధనం అందే విధం: ట్రాక్టరు పంపు నుంచి పాత స్పోర్ట్స్ కారు దాకా



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చేది ఏదైనా రాయమని కబురు వచ్చింది. కవితలు, కథలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. నాకు అవి చేతకావు. నేను ఎం.టెక్.లో ఇంజన్ల గురించి చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసిన ఆ ఒక్క విషయమే రాస్తాను. పదవ తరగతి అయ్యాక ఐ.టి.ఐ. డీజిల్ మెకానిక్‌కో, పాలిటెక్నిక్‌కో పోదామనుకునే వాళ్ళకు ఇది ముందుగా వినిపించిన పాఠం అనుకోండి. మిగతావాళ్ళు భౌతికశాస్త్రంలో బాయిల్ నియమం ఎందుకు చదవాలో తెలుసుకోవడానికైనా చదవండి.

పాఠం మా ఊరి ట్రాక్టరుతో మొదలవుతుంది.

మా నాయన ట్రాక్టరు డ్రైవరు. బండి ఆయనది కాదు. 2019 వేసవిలో మా వైపు బోర్లు చాలావరకు ఎండిపోయాయి. ఆ ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించి రెండు మూడు పల్లెలకు నీళ్ళు తోలేవాడు. ఒకరోజు నీళ్ళ లోడుతో వస్తుండగా ఎగువదారిలో ఇంజను గుటుక్కుమని ఆగిపోయింది. ఎయిర్ పట్టిందని ఎయిర్ తీశాడు, నడిచింది. మళ్ళీ నాలుగు కిలోమీటర్లకు ఆగింది. రెండు రోజులు ఇదే తంతు. బిందెలు వరుసలో పెట్టుకున్న ఆడవాళ్ళు నాయననే తిట్టారు. ఎవరిని తిట్టాలో వాళ్ళకు మాత్రం ఏం తెలుసు?

యజమాని బండిని ఒక పట్నంలో పంపులు బాగుచేసే షాపుకు పంపాడు. వాళ్ళు ఏ గేజీ పెట్టలేదు, ఏ పైపూ విప్పి చూడలేదు. పంపు ఎలిమెంట్లు పోయాయన్నారు. పంపు విప్పి, కొత్త ఎలిమెంట్లు వేసి, కాలిబ్రేషను చేసి 14,000 రూపాయల బిల్లు రాశారు. డ్రైవరు బండిని సరిగా చూసుకోలేదని యజమాని నెలకు 1,000 చొప్పున నాయన జీతంలో పట్టుకున్నాడు. బండి తెచ్చిన మూడవరోజు మళ్ళీ అదే చోట ఆగింది.

అప్పుడు నాయన ఒక సంగతి గమనించాడు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బండి ఆగదు. సగానికి దిగాక ఆగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు డీజిల్ ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న రబ్బరు పైపు క్లిప్పు దగ్గర కొంచెం చెమర్చేది. సగానికి దిగితే ఆ చెమ్మ ఆరిపోయేది. క్లిప్పు విప్పి చూస్తే పైపుకు వెంట్రుకవాసి పగులు ఉంది. కొత్త పైపు ముక్క ఖరీదు 60 రూపాయలు. ఆ తర్వాత ఆ వేసవంతా బండి ఆగలేదు. పట్టుకున్న జీతం మాత్రం తిరిగి రాలేదు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న నాకు అప్పుడు ఇది అర్థం కాలేదు. కారే పైపు కారడం మానేస్తే మంచిదే గదా, అప్పుడే ఎందుకు చెడింది? తర్వాత చదువుకున్నాక తెలిసింది. ట్యాంకు పైన ఉంటుంది, పంపు కింద ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ ఎత్తు బరువుకు పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి డీజిల్ బయటికి చెమరుస్తుంది. మట్టం తగ్గాక, ఫీడ్ పంపు పీల్చే జోరుకు పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అప్పుడు అదే పగులులో నుంచి గాలి లోపలికి పోతుంది. కారేటప్పుడు కంటికి కనపడుతుంది, పీల్చేటప్పుడు కనపడదు. పీల్చే వైపు లీకులు ఇందుకే మోసం చేస్తాయి.

గాలి పోతే ఇంజను ఎందుకు ఆగాలి?

దీనికి ఒక ప్రయోగం చేయండి. సూది లేని ఖాళీ సిరంజి తీసుకోండి. నిండా నీళ్ళు పీల్చి, బుడగ లేకుండా చేసి, మూతిని వేలితో మూసి వెనుక నుంచి నొక్కండి. కదలదు. ఇప్పుడు సగం గాలి, సగం నీళ్ళు ఉంచి నొక్కండి. పిస్టను చాలాదూరం పోతుంది, వదిలితే వెనక్కు వస్తుంది. మీరు పెట్టిన బలమంతా గాలిని నలపడానికే సరిపోయింది.

ట్రాక్టరు ఇంజెక్షన్ పంపులో ప్లంజరు ఉంటుంది. అదీ సిరంజి పిస్టను వంటిదే, కాని మైక్రాన్ల తేడాతో నూరి తయారుచేసింది. అది డీజిల్‌ను సన్నని ఉక్కు పైపు గుండా నాజిల్‌కు తోస్తుంది. నాజిల్‌లో స్ప్రింగుతో అదిమి ఉంచిన సూది ఉంటుంది. మామూలు ట్రాక్టరులో ఆ సూది లేవాలంటే సుమారు 200 బార్ ఒత్తిడి కావాలి. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. దానికి 200 రెట్లన్నమాట. డీజిల్‌ను అంత ఒత్తిడితో నొక్కినా దాని ఘనపరిమాణం సుమారు ఒక శాతమే తగ్గుతుంది. ఇక గాలి సంగతి బాయిల్ నియమం ప్రకారం చూద్దాం. పైపులో 0.5 మిల్లీలీటరు గాలి బుడగ ఉంది, ప్లంజరు ఒక్కసారికి 0.1 మిల్లీలీటరు తోస్తుంది అనుకోండి. గాలి 0.4 మిల్లీలీటరుకు నలుగుతుంది. ఒత్తిడి 0.5ను 0.4తో భాగిస్తే వచ్చే 1.25 బార్. కావలసింది 200, వచ్చింది ఒకటింపావు. సూది లేవదు, ఇంజనులో డీజిల్ పడదు. బాయిల్ నియమం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకున్నాం గాని, ఎగువదారిలో నీళ్ళ ట్యాంకరును ఆపింది అదే.

ఎయిర్ తీసే పద్ధతి డ్రైవర్లందరికీ తెలుసు. అయినా వరుస తప్పి చేసేవాళ్ళను చూశాను కాబట్టి రాస్తున్నాను. ముందు నట్ల చుట్టూ మట్టి గుడ్డతో తుడవాలి. ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడాలి (నవ్వకండి, ఇది మరిచి అరగంట కుస్తీ పట్టినవాళ్ళు ఉన్నారు). ట్యాంకు వైపు నుంచి నాజిల్ వైపుకు రావాలి. మొదట ఫిల్టరు మీది ఎయిర్ నట్టు రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి పంపు కొడుతూ, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే మొదటిది మొదట. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది నట్టు అదే విధంగా. చివరికి నాజిళ్ళ దగ్గర పైపు నట్లు అరచుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ ఊరగానే బిగించాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు, మోటారు కాలుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇంజను తిరుగుతుండగా నాజిల్ పైపుకు చిల్లిపడి సన్నగా చిమ్ముతుంటే ఎక్కడ చిమ్ముతుందో వేలు పెట్టి చూడకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి దోమకాటంత చుక్కే కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. లోపల కండ చెడిపోతుంది, వేళ్ళు తీసేయవలసి వచ్చిన కేసులు ఉన్నాయి. అట్లా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి. అట్ట ముక్క అడ్డం పెట్టి చూస్తే చిమ్మేచోటు తెలిసిపోతుంది.

ఒక్కసారికి ఎంత డీజిల్ పడుతుంది?

మూడు సిలిండర్ల ట్రాక్టరు నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతూ గంటకు 4 లీటర్లు తాగుతుంది అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ప్రతి సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ పడాలి. అంటే నిమిషానికి 750 సార్లు, మూడు సిలిండర్లకు 2,250 సార్లు, గంటకు 1,35,000 సార్లు. 4,000 మిల్లీలీటర్లను 1,35,000తో భాగిస్తే 0.03 మిల్లీలీటరు. మందుసీసాతో వచ్చే డ్రాపరు చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే ఒక్కసారికి పడేది చుక్కలో అరవై శాతమే! ఆ ముక్కాలు కూడా లేని చుక్కను మూడు సిలిండర్లకూ సమానంగా, సరైన క్షణంలో, పొగమంచులాగా చేసి వదలాలి. పంపు విప్పినవాడల్లా సరిగా బిగించలేడని ఎందుకంటారో ఈ లెక్క చెబుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో తన ఇంజను నడిపి చూపినప్పుడు ఇంత చిన్న పంపు లేదు. ఇంధనాన్ని కంప్రెసరు గాలితో లోపలికి ఊదేవారు. ఆ కంప్రెసరు బరువుకే ఇంజను ఓడలకూ ఫ్యాక్టరీలకూ పరిమితమైంది. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ప్లంజరు పంపులను పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజను లారీలోకి, ట్రాక్టరులోకి దిగింది. మన దేశంలో ఆ పంపులు చేయడానికి 1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పుట్టింది. పొట్టిగా మైకో. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది గాని, మన మెకానిక్కులకు అది ఇప్పటికీ మైకో పంపే. మార్కాపురం పలకల గనుల్లో రాయికి రంధ్రాలు వేసే కంప్రెసర్ల ఇంజన్లకైనా, మన పొలాల ఆయిల్ ఇంజన్లకైనా లోపలి సూత్రం ఒక్కటే.

ఇదే పంపు స్పోర్ట్స్ కారులోకి ఎక్కిన సంగతి చాలామందికి తెలియదు. పెట్రోలు కార్లకు అప్పట్లో కార్బురేటరు ఉండేది. గాలి పోయే దారిని ఇరుకు చేస్తే అక్కడ ఒత్తిడి తగ్గి పెట్రోలును పీల్చుకుంటుంది, అంతే దాని పని. విమానం పల్టీ కొడితే కార్బురేటరులో పెట్రోలు అటూ ఇటూ పోయి ఇంజను తడబడుతుంది. అందుకని రెండవ ప్రపంచయుద్ధం నాటికి జర్మన్లు విమానాల ఇంజన్లకు డీజిల్ తరహా పంపులు పెట్టారు. ఆ అనుభవంతోనే 1954లో మెర్సిడిస్ బెంజ్ 300 ఎస్.ఎల్. కారు వచ్చింది. తలుపులు పక్షి రెక్కల్లాగా పైకి లేస్తాయి, బొమ్మల్లో చూసే ఉంటారు. ఆరు సిలిండర్లకు ఆరు ప్లంజర్లున్న బాష్ పంపు పెట్రోలును నేరుగా సిలిండరులోకి కొడుతుంది. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనుతో అమ్మకానికి వచ్చిన కార్లలో ఈ పద్ధతికి అదే మొదటిది. దానికీ ఒక తంటా ఉంది. తాళంచెవి తిప్పి స్పార్కు ఆపినా ఇంజను ఆగేలోపు పంపు ఇంకా కొన్ని చుక్కలు కొడుతుంది. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడల వెంట జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చనవుతుంది. అందుకే ఆ కారుకు ఆయిల్ తరచుగా మార్చాలి.

ఇక నేను చేతులతో తాకి చూసిన బండికి వస్తాను. పోయిన వేసవి సెలవుల్లో హైదరాబాదులో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో నెల రోజులు పని నేర్చుకున్నాను. అక్కడికి 1980ల మొదట్లో తయారైన మెర్సిడిస్ 280 ఎస్.ఎల్. ఒకటి వచ్చింది. రెండు సీట్ల కారు, ఆరు సిలిండర్లు, పెట్రోలు. అంతకుముందు నలుగురు చూసి వదిలేసిన బండి. పొద్దున స్టార్టవుతుంది. వేడెక్కాక ఆపి పది నిమిషాల తర్వాత కొడితే ఎంతకూ స్టార్టు కాదు. ఐడిల్‌లో వణుకుతుంది, యాక్సిలరేటరు తొక్కితే నల్లపొగ.

దీనిలో ఉన్నది బాష్ వారి కె-జెట్రానిక్ పద్ధతి. 1973లో పోర్షే 911 కారుతో ఇది వాడకంలోకి వచ్చింది. కె అంటే జర్మన్ భాషలో నిరంతరం అనే మాటకు మొదటి అక్షరం. ఇందులో ట్రాక్టరు పంపులాగా ఒక్కొక్క చుక్క కొట్టడం లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ నాజిళ్ళు పెట్రోలును చిమ్ముతూనే ఉంటాయి, ఇన్‌టేక్ వాల్వు వెనుక. ఎంత చిమ్మాలో నిర్ణయించడానికి కంప్యూటరు లేదు. ఒక రేకు పళ్ళెం, ఒక మీట, ఒక ప్లంజరు, అంతే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. గాలి బరువులేనిది అనుకుంటాం గాని, లెక్కవేస్తే 1 లీటరు పెట్రోలుకు సుమారు 9 ఘనమీటర్ల గాలి అవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి అంతా మూడు లీటర్ల పెట్రోలుకు సరి. కాబట్టి పెట్రోలును కొలవాలంటే ముందు గాలిని కొలవాలి. ఇంజను పీల్చే గాలి అంతా ఒక గరాటు గుండా పోతుంది. గరాటులో మీటకు బిగించిన గుండ్రని పళ్ళెం తేలుతుంటుంది. గాలి ఎక్కువైతే పళ్ళెం పైకి లేస్తుంది, మీట ప్లంజరును పైకి నెడుతుంది. ప్లంజరు లేచినకొద్దీ పక్కనున్న సన్నని చీలికలు ఎక్కువ తెరుచుకుంటాయి. సిలిండరుకు ఒక చీలిక.

ఇక్కడ మన కంభం చెరువు తూమును తలుచుకోండి. తూము తలుపు ఎంత ఎత్తితే అంత నీరు వస్తుంది. కాని అంతే ఎత్తినా చెరువు నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ, ఎండాకాలం మట్టం పడిపోయినప్పుడు తక్కువ వస్తుంది. తలుపు ఎత్తును బట్టి నీటిని లెక్కకట్టాలంటే మట్టం మారకూడదు. కె-జెట్రానిక్‌లో ప్రతి చీలిక దగ్గర ఒక పల్చని ఉక్కు పొర ఉంటుంది. చీలికకు ఇటూ అటూ ఒత్తిడి తేడా ఎప్పుడూ 0.1 బార్ ఉండేలా అది చూస్తుంది. అంటే చెరువులో ఎప్పుడూ ఒక మీటరు లోతు నీళ్ళే ఉన్నట్టు. ఇక చీలిక ఎంత తెరుచుకుందో అంతే పెట్రోలు. ఈ ఆలోచన చేసినవాళ్ళకు దండం పెట్టాలి.

ప్లంజరు నెత్తిన ఇంకొక ఒత్తిడి పనిచేస్తుంది. దానిని కంట్రోల్ ప్రెషరు అంటారు. పళ్ళెం పైకి నెడుతుంటే ఇది కిందికి అదుముతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెగ్యులేటరు ఈ ఒత్తిడిని తగ్గిస్తుంది. అదుము తగ్గితే ప్లంజరు ఎక్కువ లేచి పెట్రోలు ఎక్కువ పడుతుంది, పాత బండ్లలో చోక్ లాగినట్టు. రెగ్యులేటరులో రెండు లోహాల పట్టీ, దాన్ని వేడిచేసే చిన్న కరెంటు తీగ ఉంటాయి. కొన్ని నిమిషాలకు పట్టీ వంగి ఒత్తిడి పెరుగుతుంది, మిశ్రమం మామూలవుతుంది.

గరాటుకూ ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటరుకూ నడుమ ఒక చిన్న రంధ్రంలో మిశ్రమం సరిచేసే స్క్రూ ఉంటుంది. 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిప్పవచ్చు. కుడికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఈ స్క్రూయే ఈ కార్లకు శత్రువు. సులభంగా అందుతుంది కదా అని ఏ రోగం వచ్చినా ముందు దాన్నే తిప్పుతారు. షెడ్డు మేస్త్రీ గారు మాత్రం అలెన్ కీని తన జేబులో పెట్టుకుని, "ఇది ఆఖరిరోజు ఇస్తాను, అప్పటిదాకా అడగొద్దు" అన్నారు.

మొదటి రెండు రోజులు పెట్రోలు జోలికే పోలేదు. స్పార్కు ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగు, వాల్వు క్లియరెన్సులు చూశాం. ఇవి సరిలేకుండా మిశ్రమం సరిచేస్తే ఒక తప్పును ఇంకొక తప్పుతో కప్పినట్టు అవుతుంది. తర్వాత ట్యాంకు దించి కడిగాం. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి కాఫీరంగు అడుసులాగా దిగింది. కొత్త ఫిల్టరు వేసి, రిటర్న్ పైపును సీసాలో పెట్టి పంపును నడిపాం. 40 సెకన్లలో 1 లీటరు రావాలి, వచ్చింది. రబ్బరు పైపులన్నీ మార్చాం. 2023 ఫిబ్రవరి నుంచి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలైంది. ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకునేలా చేసింది కాదు, మెత్తబడి పగులుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండ్లకు ట్యాంకు తుప్పు బెడద కూడా ఉంటుంది.

ఈ పనులప్పుడు బ్యాటరీ తీగ విప్పడం, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకోవడం, బీడీ కాల్చేవాళ్ళను గేటు బయటికి పంపడం తప్పనిసరి. డీజిల్ వేరు, పెట్రోలు వేరు. పెట్రోలు ఆవిరి నేల వెంట పాకి పదడుగుల అవతల నిప్పును అందుకుంటుంది.

మూడవరోజు దొంగగాలి వెతికాం. పళ్ళెం దాటాక ఎక్కడైనా పగులుంటే, కొలతకు అందని గాలి ఇంజనులోకి పోతుంది. పళ్ళేనికి తెలియదు కాబట్టి ఆ గాలికి తగిన పెట్రోలు పడదు. ఇన్‌టేక్‌లోకి పొగ ఊది చూస్తే గరాటు కింది రబ్బరు తొడుగు మడతలో నుంచి, రెండు నాజిళ్ళ చుట్టూ ఎండిపోయిన రింగుల్లో నుంచి పొగ బయటికి వచ్చింది. నాకు వెంటనే మా ట్రాక్టరు పైపు గుర్తొచ్చింది. అక్కడా పీల్చే వైపు పగులే, ఇక్కడా అదే. ఐడిల్‌లో ఇంజను వణికితే ఇంతకుముందు చూసినవాళ్ళు స్క్రూ కుడికి తిప్పి పెట్రోలు పెంచారు. ఐడిల్‌లో దొంగగాలి వంతు పెద్దది, అక్కడ అది కొంత సరిపోయింది. యాక్సిలరేటరు తొక్కితే అసలు గాలి బాగా పెరిగి దొంగగాలి వంతు చిన్నదవుతుంది. పెంచిన పెట్రోలు అట్లాగే ఉంది. నల్లపొగ అందుకే.

తర్వాత గేజీ. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటరుకూ రెగ్యులేటరుకూ మధ్య పైపులో గేజీని, దాని తర్వాత ఒక కొళాయిని బిగిస్తారు. కొళాయి మూస్తే గేజీ పంపు ఇచ్చే పూర్తి ఒత్తిడి చూపుతుంది, అది సుమారు 5 బార్ ఉండాలి. కొళాయి తెరిస్తే కంట్రోల్ ప్రెషరు కనపడుతుంది. రెగ్యులేటరు కరెంటు తీగ పీకి, ఇంజను చల్లగా ఉండగా ఒకసారి చూడాలి. తీగ పెట్టి కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి, సుమారు మూడున్నర బార్ దగ్గర నిలవాలి. కచ్చితమైన అంకె ప్రతి కారు పుస్తకంలో వేరుగా ఉంటుంది, నోటిలెక్క పనికిరాదు. ఈ బండికి రెండూ సరిగానే ఉన్నాయి. తప్పు మూడవ పరీక్షలో దొరికింది. ఇంజను ఆపాక ఒత్తిడి కొంతసేపు నిలిచి ఉండాలి. వేడి ఇంజను మీద పైపుల్లో ఒత్తిడి పడిపోతే పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి కూడా సిరంజిలోని గాలి వంటిదే. మా గేజీ ముల్లు రెండు నిమిషాల్లో సున్నాకు వచ్చింది. ఒత్తిడిని నిలిపే అక్యుములేటరు అనే డబ్బాలో పొర చిరిగింది. వేడిలో స్టార్టు కాకపోవడానికి మూలం అదే. స్క్రూ ఎన్ని చుట్లు తిప్పినా అది బాగుపడేది కాదు.

నాజిళ్ళు విప్పి ఆరు కొలతగ్లాసుల్లో పెట్టి, పంపు వేసి, పళ్ళేన్ని చేత్తో కొంచెం లేపితే ఆరూ చిమ్మాయి. నాలుగు గొడుగులాగా, ఒకటి పక్కకు, ఒకటి తీగలాగా. ఆ రెంటినీ మార్చాం. పళ్ళెం గరాటు అంచుకు తగలకుండా నడిమధ్యలో ఉందో లేదో చూశాం.

పదకొండవరోజు మేస్త్రీ గారు అలెన్ కీ నా చేతికిచ్చారు. ఇంజను బాగా వేడెక్కాక పొగగొట్టంలో మీటరు పెట్టాం. కార్బన్ మోనాక్సైడు 6 శాతం చూపింది. ఒకటి, రెండు శాతం మధ్యకు రావాలి. కీ పెట్టి గడియారం ముల్లు ఒక నిమిషం జరిగినంత ఎడమకు తిప్పి, కీ తీసి, ఒకసారి యాక్సిలరేటరు ఇచ్చి వదిలి, మీటరు నిలిచాక చదవాలి. కీ లోపల ఉండగా ఇంజను పెంచితే మీట దానికి తగిలి వంగుతుంది. అట్లా తొమ్మిదిసార్లు తిప్పితే 1.5 దగ్గర నిలిచింది. ఇంజను ఆపి, టీ తాగి, ఇరవై నిమిషాలకు వచ్చి తాళంచెవి తిప్పితే మొదటి సెల్ఫుకే అందుకుంది. స్క్రూ రంధ్రానికి మూతవేసి ఎర్రరంగు చుక్క పెట్టారు, ఎవరైనా మళ్ళీ కదిలిస్తే తెలియడానికి.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. చివరికి అడిగాడు.

"అది సరేగాని అబ్బయ్యా, ఆ కారుకు ఎయిర్ నట్టు యాడుంటది?"

"లేదు నాయనా. కరెంటు పంపు గదా, తాళంచెవి పెట్టగానే తిరుగుద్ది. పెట్రోలు ఇంజను దాకా పోయి, మిగిలింది ఇంకో పైపు గుండా ట్యాంకుకే తిరిగొస్తది. గాలి దాంతోబాటే ట్యాంకులోకి పోద్ది."

"మన బండికీ రిటన్ పైపు ఉండాదిగా. మరి దానికెందుకు పోదు?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. మరుసటిరోజు ఆలోచించి చెప్పాను. ట్రాక్టరు ఫీడ్ పంపును తిప్పేది ఇంజనే. గాలి పట్టి ఇంజను ఆగిందంటే ఫీడ్ పంపూ ఆగుతుంది, ఇక గాలిని తోసేవాడు లేడు. సెల్ఫ్ మీద తిరిగే నెమ్మదికి అది చాలినంత తోయలేదు. అందుకే దానికి చేతి పంపు, ఎయిర్ నట్టు పెట్టారు.